రిపోర్టులో మిర్-21 పెరిగింది, మరి కీమో ఇవ్వాలా? స్టేజ్ 2 పెద్దపేగు క్యాన్సర్‌లో ఒక కేస్ స్టడీ

రోగి 61 ఏళ్ల మహిళ. కొన్ని నెలలుగా నీరసం, మెట్లెక్కితే ఆయాసం. హీమోగ్లోబిన్ 8.2, ఫెర్రిటిన్ బాగా తక్కువ. నెలసరి ఎప్పుడో ఆగిపోయిన స్త్రీలో ఐరన్ ఇంతగా పడిపోయిందంటే ఐరన్ మాత్రలు రాసి ఊరుకోకూడదు, రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి. ఆమెను చూసిన ఫ్యామిలీ డాక్టర్ ఆ పనే చేశారు. కొలొనోస్కోపీలో పెద్దపేగు కుడివైపున నాలుగు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. బయాప్సీలో అడినోకార్సినోమా, అంటే గ్రంథి కణాల్లో పుట్టే క్యాన్సర్ అని తేలింది. సీటీ స్కాన్‌లో కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. సర్జన్ ల్యాపరోస్కోపీ ద్వారా పేగు కుడి భాగాన్ని తీసేశారు. కోలుకోవడంలో ఏ ఇబ్బందీ రాలేదు.

పాథాలజీ రిపోర్టు మాకు ఊరటనిచ్చింది. గడ్డ పేగు కండర పొరను దాటింది గానీ పై పొరను చీల్చుకుని బయటికి రాలేదు, అంటే టీ3. తీసిన 21 లింఫ్ గ్రంథుల్లో ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు. రక్తనాళాల్లోకి, నరాల వెంట పాకిన ఆనవాళ్లు లేవు. కోత అంచులు శుభ్రం. పేగు మూసుకుపోవడం, చిల్లు పడటం లాంటివి జరగలేదు. డీఎన్‌ఏ తప్పుల్ని సరిచేసే నాలుగు మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రొటీన్లూ ఉన్నాయి. మొత్తం మీద ఇది స్టేజ్ 2, అందులోనూ రిస్క్ తక్కువ ఉన్న రకం.

ఇలాంటి వాళ్లకి ఆపరేషన్ తర్వాత కీమో ఇస్తే ఎంత లాభం అన్నదానికి 2007లో వచ్చిన క్వాజర్ ట్రయల్ ఇప్పటికీ మంచి ఆధారం. ఎక్కువ మంది స్టేజ్ 2 రోగులే ఉన్న ఆ ట్రయల్ ప్రకారం, కీమో లేకుండా ఐదేళ్లలో నూటికి ఇరవై మంది చనిపోతారనుకుంటే, ఫ్లోరోయురసిల్ ఆధారిత కీమో వల్ల బతికేవారి సంఖ్య నూటికి సుమారు 3.6 పెరుగుతుంది. ముప్పు అంతకంటే తక్కువున్న వాళ్లకి లాభమూ తగ్గుతుంది. విరేచనాలు, నోటిపూత, ఇన్ఫెక్షన్లు మాత్రం అందరికీ ఒకేలా వస్తాయి. ఇవన్నీ ఆమెతో, కొడుకుతో కూర్చుని మాట్లాడాం. కీమో వద్దు, క్రమం తప్పకుండా చెకప్‌లు చేయించుకుందాం అని ముగ్గురం ఒప్పుకున్నాం.

తర్వాతి విజిట్‌కి కొడుకు ఒక కొత్త రిపోర్టు పట్టుకొచ్చాడు. ఎవరో చెబితే ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేయించాడట. సీరంలో, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుచేసిన ద్రవంలో, మిర్-21, మిర్-92ఏ అనే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మామూలు కంటే 5.8 రెట్లు, 11 రెట్లు ఉన్నాయని రాశారు. కింద ఎర్ర అక్షరాల్లో 'తిరగబెట్టే ముప్పు ఎక్కువ, కీమోథెరపీ గురించి ఆంకాలజిస్టుతో చర్చించండి' అని ఉంది.

"డాక్టర్ గారూ, మీరు అవసరం లేదన్నారు. ఇక్కడ చూస్తే ఎక్కువని ఉంది. ఇది చదివిన దగ్గర్నుంచి అమ్మ నిద్రపోవట్లేదు," అన్నాడు.

ఆమె ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "ఇవ్వాలంటే ఇచ్చేయండి, తట్టుకుంటాను," అంది. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి 'ఆ రిపోర్టు పక్కన పెట్టేయండి' అని చెప్పి పంపేయడం నాకు సరిగ్గా అనిపించలేదు. పైగా మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనేది గాలి కబురు కాదు. దాని వెనక ముప్పై ఏళ్లకు పైగా గట్టి సైన్సు ఉంది. అందుకే దాన్ని పట్టించుకోవాలనుకున్నాను. పట్టించుకోవడమంటే, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చివరిదాకా వెతకడం.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ సుమారు 22 అక్షరాల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. దాని నుంచి ప్రొటీన్ ఏదీ తయారవదు. ఆర్గోనాట్ అనే ప్రొటీన్‌లో కూర్చుని, మొదటి కొస దగ్గరున్న ఆరేడు అక్షరాలు ఎక్కడ జతకూడతాయో ఆ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుని, దాన్నుంచి ప్రొటీన్ రాకుండా అణచడం దాని పని. ఇలాంటివాటిలో మొదటిదైన లిన్-4ను 1993లో సీ. ఎలిగన్స్ అనే నులిపురుగులో విక్టర్ ఆంబ్రోస్ బృందం కనిపెట్టింది. అది తన లక్ష్యాన్ని ఎలా అణుస్తుందో గ్యారీ రవ్‌కున్ బృందం అదే ఏడాది చూపించింది. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. జతకూడటానికి ఆరేడు అక్షరాలే చాలు కాబట్టి ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల జన్యువుల మీద చెయ్యి వేయగలదు. ఒక జన్యువు మీద కూడా చాలా మైక్రో ఆర్‌ఎన్‌ఏల చేతులు ఉంటాయి. రిపోర్టులో 'ఇది పెరిగింది, కాబట్టి ఇది జరుగుతుంది' అని ఒక్క గీత గీయడం కష్టమయ్యేది ఇక్కడే.

పెద్దపేగు క్యాన్సర్‌లో మిర్-21 పేరు ఊరికే రాలేదు. కణాల పెరుగుదలకు అడ్డుపడే పీడీసీడీ4, పీటెన్ లాంటి ప్రొటీన్లను అది తగ్గిస్తుంది. కణితి కణజాలంలో మిర్-21 ఎక్కువున్న రోగులు తక్కువ కాలం బతికారని, కీమో ఇచ్చినా వాళ్లలో ఫలితం అంత బాగా లేదని 2008లో జామా పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. మిర్-92ఏది వేరే కథ. మిక్ అనే క్యాన్సర్ జన్యువు ఉసిగొల్పే మిర్-17-92 గుంపులో అదొకటి. పెద్దపేగు క్యాన్సర్ రోగుల ప్లాస్మాలో, అంటే గడ్డకట్టనివ్వని రక్తంలోని ద్రవ భాగంలో, అది ఎక్కువగా ఉంటుందని 2009లో ఒక అధ్యయనం వచ్చాక, రక్తపరీక్షతోనే ఈ క్యాన్సర్‌ని పట్టేయవచ్చన్న ఆశ చాలామందిలో మొదలైంది.

ముందు రక్తం సంగతి చూశాం. కొడుకుని అడిగితే, సాంపిల్ ఇంటికొచ్చి తీసుకెళ్లారని, వేరే ఊళ్లో ఉన్న ల్యాబ్‌కి పంపారని చెప్పాడు. అంటే రక్తం నుంచి సీరం వేరు చేయడానికి ముందే చాలా గంటలు గడిచాయి. మిగిలిన సీరం ఉంటే ఇవ్వమని ల్యాబ్‌కి రాస్తే, మర్యాదగా పంపించారు. ట్యూబును తెల్ల కాగితం ముందు పట్టుకుని చూశాం. సీరం ఎండుగడ్డి రంగులో ఉండాలి. ఇది లేత గులాబీగా ఉంది. అంటే ఎర్ర రక్తకణాలు పగిలి వాటిలో ఉన్నది బయటికి వచ్చేసింది.

మిర్-92ఏ విషయంలో ఈ గులాబీ రంగుకు చాలా విలువ ఉంది. ఎందుకంటే మిర్-451ఏ, మిర్-16, మిర్-486తో పాటు మిర్-92ఏ కూడా ఎర్ర రక్తకణాల్లో దండిగా ఉంటుంది. క్యాన్సర్ గుర్తులని చెప్పే రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల్లో చాలావరకు రక్తకణాల నుంచే వస్తాయని 2012లో స్పష్టంగా చూపించారు కూడా. కంటికి కనపడనంత తక్కువ హీమోలైసిస్ (ఎర్రకణాలు పగలడం) కూడా లెక్కను తప్పిస్తుంది. అందుకే మాతో కలిసి పనిచేసే పరిశోధన ల్యాబ్‌లో రంగు మీద ఆధారపడరు. ఎర్రకణాల్లో ఎక్కువుండే మిర్-451ఏకి, హీమోలైసిస్ వల్ల పెద్దగా మారని మిర్-23ఏకి మధ్య పీసీఆర్ సైకిళ్ల తేడా చూస్తారు. పీసీఆర్ అంటే జన్యు పదార్థాన్ని సైకిల్ సైకిల్‌కీ రెట్టింపు చేస్తూ కొలిచే పద్ధతి. తేడా ఐదు లోపుంటే సాంపిల్‌ని నమ్మవచ్చు, ఏడు దాటితే పారేయాలి. ఆ పాత సాంపిల్‌లో తేడా 8.4 వచ్చింది.

మిర్-21ని వివరించడానికి మాత్రం హీమోలైసిస్ ఒక్కటే సరిపోలేదు. రిపోర్టు చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పద్ధతి వివరాలున్నాయి. పోల్చడానికి ఆధారంగా యూ6 అనే ఆర్‌ఎన్‌ఏని వాడారు. యూ6 కణ కేంద్రకంలో ఉండేది. కణం లోపల అది పుష్కలంగా, స్థిరంగా ఉంటుంది కాబట్టి కణజాలం విషయంలో దాన్ని ఆధారంగా పెట్టుకోవడం మామూలే. సీరంలో దానికి రక్షణ లేదు, సాంపిల్ ఆలస్యమయ్యేకొద్దీ విరిగిపోతుంది. పీసీఆర్‌లో ఒక్క సైకిల్ తేడా అంటే రెట్టింపు తేడా. 5.8 రెట్లు అన్నది సైకిళ్లలో చూస్తే రెండున్నర. అంటే యూ6 విరిగిపోయి దాని సిగ్నల్ రెండున్నర సైకిళ్లు ఆలస్యమైనా, మిర్-21 ఉన్నచోటే ఉండి, రిపోర్టులో మాత్రం 5.8 రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. తక్కెడలో సరుకు మారలేదు, తూకపు రాయే అరిగింది.

వీటికి తోడు రక్తం తీసింది ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే. మిర్-21 క్యాన్సర్‌కి మాత్రమే పుట్టేది కాదు. గాయం మానుతున్నప్పుడు, వాపు ఉన్నప్పుడు, గుండెలోనో కాలేయంలోనో ఫైబ్రోసిస్ (మచ్చకట్టడం) జరుగుతున్నప్పుడు కూడా పెరుగుతుంది. కడుపు కోసి కుట్టిన మనిషిలో అది కొంచెం ఎక్కువుందంటే అందులో వింత లేదు.

ఆమె అంగీకారంతో మళ్లీ రక్తం తీశాం. ఈసారి రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసి, వెంటనే ల్యాబ్‌కి చేర్చి, ప్లేట్‌లెట్లు కూడా పోయేలా రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేశారు. ప్లాస్మా శుభ్రమైన పసుపు రంగులో వచ్చింది. సైకిళ్ల తేడా 3.9. యూ6కి బదులు ప్లాస్మాలో నిలకడగా ఉండే కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏల సగటును ఆధారంగా తీసుకున్నారు. ఆర్‌ఎన్‌ఏని వేరు చేసేటప్పుడు ఎంత పోయిందో తెలియడానికి సీ. ఎలిగన్స్ మిర్-39ను కొలిచి మరీ కలిపారు. మనిషిలో అది ఉండదు కాబట్టి, కలిపినంత తిరిగి రావాలి. లిన్-4 దొరికిన అదే నులిపురుగు ఇక్కడ ఇలా సాయపడటం నాకు చాలా ఇష్టమైన సంగతి. ఫలితంలో మిర్-92ఏ ఆరోగ్యవంతుల స్థాయికి వచ్చేసింది. మిర్-21 వాళ్ల స్థాయి పై అంచు దగ్గర ఉంది, అంతే.

రక్తంతోనే ఆగిపోవచ్చు. కానీ మిర్-21 మీద ప్రశ్న పూర్తిగా తీరలేదు, జామా అధ్యయనం మాట్లాడింది కణజాలం గురించి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పొట్టిగా ఉండటం వల్ల ఫార్మలిన్‌లో నిల్వచేసిన పారాఫిన్ బ్లాకుల్లో కూడా చెడకుండా ఉంటాయి. అందుకే ఆమె బ్లాకు తెప్పించి ఇన్‌సిటు హైబ్రిడైజేషన్ చేయించాం. కణజాలాన్ని రుబ్బి కొలిస్తే ఎంత ఉందో తెలుస్తుంది. ఈ పద్ధతిలో ఏ కణంలో ఉందో కళ్లతో చూడవచ్చు.

పాథాలజిస్ట్, నేను ఇద్దరం రెండు తలల మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నాం. ముందు కంట్రోల్ స్లైడ్లు చూశాం. యూ6 ప్రోబ్ (దానికి అతుక్కుని రంగు చూపే ముక్క) వేసిన స్లైడులో కేంద్రకాలన్నీ నీలంగా మారాయి, అంటే బ్లాకులో ఆర్‌ఎన్‌ఏ బాగానే ఉంది. సీరంలో మోసం చేసిన యూ6 తన అసలు చోట చక్కగా పనికొచ్చింది. అర్థంలేని అక్షరాల వరుసతో చేసిన ప్రోబ్ స్లైడులో నీలం లేదు. తర్వాత మిర్-21 స్లైడు. గడ్డకు దూరంగా ఉన్న మామూలు పేగు లోపలి పొర దాదాపు ఖాళీగా, లేత గులాబీ రంగులో ఉంది. స్లైడుని మెల్లగా జరుపుతూ గడ్డ కండరంలోకి చొచ్చుకెళ్తున్న అంచుకి వచ్చాం. అక్కడ నీలం మొదలైంది. కానీ క్యాన్సర్ గ్రంథుల్లో కాదు. గ్రంథులు పాలిపోయినట్టు ఉన్నాయి, వాటిని చుట్టుకుని ఉన్న సన్నటి, కోలగా సాగిన ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో ముదురు నీలం. గ్రంథి నుంచి విడివడి ఒంటరిగా ఉన్న క్యాన్సర్ కణాలు ఒకటి రెండు మాత్రం నీలంగా కనిపించాయి. మిగతాదంతా స్ట్రోమానే, అంటే గడ్డకు ఆసరాగా ఉండే కణజాలమే.

ఇది ఈమె ఒక్కరి విశేషం కాదు, పెద్దపేగు క్యాన్సర్‌లో మిర్-21 చాలావరకు ఇలాగే కనిపిస్తుంది. ఈ రంగంలో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం ఇలాంటిదే ఇంకోటి ఉంది. 2003లో పెద్దపేగు గడ్డల్లో మిర్-143, మిర్-145 తగ్గుతాయని మొదటిసారి తేలింది. ఈ క్యాన్సర్‌లో మైక్రో ఆర్‌ఎన్‌ఏల చరిత్ర అక్కడే మొదలైంది. ఆ రెండూ పేగు లోపలి పొర కణాల్లో ఉండి క్యాన్సర్‌ని ఆపుతాయని, అవి పోవడం వల్లే కణాలు చెడతాయని ఏళ్ల తరబడి చాలామంది నమ్మారు. 2014లో ఎలుకల మీద జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో, అవి ఆ కణాల్లో అసలు లేనే లేవని, చుట్టూ ఉన్న కండర, ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లోనే ఉన్నాయని బయటపడింది. గడ్డలో లోపలి పొర కణాలు పెరిగి మిగతావాటి వాటా తగ్గితే, రుబ్బిన కణజాలంలో మిర్-143 తగ్గినట్టే కనిపిస్తుంది. ఏ కణమూ దాన్ని పోగొట్టుకోకపోయినా సరే. మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముందు అడగాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

సరే, స్ట్రోమాలో మిర్-21 ఉంది. దానికి విలువ లేదా? ఉంది. స్టేజ్ 2 రోగుల మీద డెన్మార్క్‌లో జరిగిన అధ్యయనం 2012లో వచ్చింది. ఇదే ఇన్‌సిటు పద్ధతిలో మిర్-21 ఎక్కువ కనిపించిన వాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువని అందులో తేలింది. ఈ సంగతి కుటుంబం దగ్గర దాచలేదు. ఆమె స్లైడులో ఉన్న నీలం మధ్యస్థంగా ఉందని, ముప్పు కాస్త ఎక్కువుండే అవకాశాన్ని కొట్టిపారేయలేనని చెప్పాను.

కానీ ముప్పు ఎక్కువని చెప్పే గుర్తు వేరు, ఈ మందు నీకు పనిచేస్తుందని చెప్పే గుర్తు వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్ల క్యాన్సర్ వైద్యంలో ఎంతోమంది అక్కర్లేని కీమో తీసుకున్నారు. మిర్-21 విషయంలో ఈ తేడా ఇంకా పదునుగా కనిపిస్తుంది. మిస్‌మ్యాచ్ రిపేర్ యంత్రాంగంలోని ఎంఎస్‌హెచ్2 ప్రొటీన్‌ని మిర్-21 అణుస్తుందని, అలా అణిగిన కణాల మీద ఫ్లోరోయురసిల్ సరిగ్గా పనిచేయదని 2010లో ప్రయోగాల్లో చూపించారు. ఆ ప్రయోగాలను, జామా అధ్యయనాన్ని పక్కపక్కన పెట్టి చదివితే, మిర్-21 ఎక్కువగా ఉండటం ఫ్లోరోయురసిల్ ఇవ్వమని చెప్పే గుర్తు కానే కాదు, మొగ్గు ఏదైనా ఉందంటే ఎదురు దిక్కుకే. ప్రయోగశాల ఫలితంతో వైద్యం నిర్ణయించకూడదు, నేనూ నిర్ణయించలేదు. కానీ ఎర్ర అక్షరాల్లో ఉన్న ఆ సలహాకి ఆధారం ఎంత బలహీనమో కొడుక్కి ఈ ఒక్క సంగతితోనే అర్థమైంది.

అతను ఇంకో మంచి ప్రశ్న వేశాడు. "క్యాన్సర్ ముక్కలు రక్తంలో దొరుకుతాయని, దాన్నిబట్టి కీమో ఇస్తారని విన్నాను. అది నమ్మొచ్చంటారు, ఇది వద్దంటారు. రెండూ రక్తమే కదండీ?" రెండూ రక్తమే. కానీ అతను అడుగుతున్నది కణితి డీఎన్‌ఏ పరీక్ష. అందులో వెతికేది ఆ గడ్డలో మాత్రమే ఉన్న మ్యుటేషన్‌ని. అది కనిపిస్తే వచ్చింది గడ్డ నుంచే అని చెప్పడానికి గట్టి ఆధారం ఉన్నట్టు. మిర్-21ని మాత్రం ఒంట్లో దాదాపు ప్రతి కణజాలమూ తయారుచేస్తుంది. అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో ట్యూబు చెప్పలేదు. పైగా డీఎన్‌ఏ పరీక్షని చికిత్స నిర్ణయంతో కలిపి రాండమైజ్డ్ ట్రయల్‌లో పరీక్షించారు. 2022లో వచ్చిన డైనమిక్ ట్రయల్‌లో 455 మంది స్టేజ్ 2 రోగులున్నారు. ఆ పరీక్ష ఆధారంగా నడిపిన వాళ్లలో కీమో తీసుకున్నవాళ్లు 28 నుంచి 15 శాతానికి తగ్గారు, రెండేళ్ల దాకా క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్ల శాతం మాత్రం తగ్గలేదు. స్టేజ్ 2లో కీమో ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయానికి అంతటి పరీక్షను మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఏదీ ఇంకా దాటలేదు. దగ్గరగా వచ్చింది వేరే సందర్భంలో. వ్యాధి పాకిన దశలో, ఆర్‌ఏఎస్ అనే జన్యువుల్లో మ్యుటేషన్ లేని గడ్డల్లో మిర్-31-3పీ తక్కువున్న వాళ్లకి సెటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు మెరుగ్గా పనిచేసిందని ఫైర్-3 ట్రయల్ సాంపిళ్ల మీద చేసిన విశ్లేషణలో కనిపించింది. దాని మీద నాకు ఆశ ఉంది.

"మంచి చేసే మైక్రో ఆర్‌ఎన్‌ఏ తగ్గితే ఇంజెక్షన్‌గా ఇవ్వలేరా?" అని కూడా అడిగాడు. ఆ ప్రయత్నమూ జరిగింది. క్యాన్సర్‌ని అడ్డుకునే పీ53 ప్రొటీన్ చేతికింద పనిచేసే మిర్-34ఏని కొవ్వు బుడగల్లో పెట్టి ఎంఆర్‌ఎక్స్34 పేరుతో రోగులకిచ్చారు. రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా ఎదురుతిరిగి, నలుగురు చనిపోయాక 2016లో ఆ ట్రయల్ ఆపేశారు. వందల జన్యువులని ఒకేసారి తాకే అణువుని ఒంటినిండా పంపడం ఎంత జాగ్రత్తగా చేయాల్సిన పనో అప్పుడు తెలిసింది.

కేసుని మళ్లీ ట్యూమర్ బోర్డులో పెట్టాం. సర్జన్, పాథాలజిస్ట్, రేడియాలజిస్ట్, నేను, అందరం ఒకే మాట మీద ఉన్నాం. కీమో ఇవ్వలేదు. మొదట అనుకున్నట్టే మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ అనే రక్తపరీక్ష, నిర్ణీత వ్యవధిలో సీటీ, ఏడాది నిండాక కొలొనోస్కోపీ. స్లైడులోని నీలాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, మొదటి రెండేళ్లలో చెకప్ ఒక్కటి కూడా తప్పకూడదని గట్టిగా చెప్పాం. తిరగబెట్టే కేసులు ఎక్కువగా బయటపడేది ఆ కాలంలోనే.

ఈ నిర్ణయం ఆమెకి చెప్పిన రోజు పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి, గులాబీ ట్యూబు, పసుపు ట్యూబు ఫొటోలు చూపించాను. "అయితే ఆ అంకె నా క్యాన్సర్‌ది కాదా అండీ?" అంది. "చాలావరకు పగిలిన రక్తకణాలది, మానుతున్న కుట్లది, విరిగిపోయిన యూ6ది అమ్మా," అన్నాను. కొడుకు ఫొటోలు తన ఫోన్‌లోకి పంపించుకున్నాడు.

ప్రైవేటు ల్యాబ్‌కి కూడా వివరంగా రాశాం: మిర్-451ఏ, మిర్-23ఏ తేడా ప్రతి రిపోర్టులో చూపమని, సీరంలో యూ6ని ఆధారంగా వాడొద్దని, ఆపరేషన్ తేదీ అడగమని. మొదటి రెండూ అమలు చేస్తామని జవాబిచ్చారు.

ఏడాది కొలొనోస్కోపీలో ఎడమవైపు ఐదు మిల్లీమీటర్ల పాలిప్ ఒకటి దొరికితే తీసేశాం. మామూలు ట్యూబులర్ అడినోమా, అంటే క్యాన్సర్ కాని పాలిప్. సీఈఏ, సీటీ రెండూ మామూలుగానే ఉన్నాయి. హీమోగ్లోబిన్ 12.6కి వచ్చింది. మిర్-21 మళ్లీ చేయించమంటారా అని కొడుకు అడిగితే వద్దన్నాను. ఎంత వచ్చినా మేం ఆమెకి చేసేది అదే కాబట్టి. మిగిలిన బ్లాకుని మాత్రం ఆమె సంతకంతో, స్టేజ్ 2 గడ్డల్లో స్ట్రోమా మైక్రో ఆర్‌ఎన్‌ఏల మీద ఆ పరిశోధన ల్యాబ్ చేస్తున్న పనికి ఇచ్చాం.